ఎట్నా కింద 4.9

అగ్నిపర్వతాల దగ్గర భూమి ఎలా ఊగుతుందో కంప్యూటర్‌లో సిమ్యులేట్ చేస్తానంటే, "అక్కడ పెద్ద భూకంపాలు వస్తాయా?" అని అడుగుతారు. సాధారణంగా రావు. అంతే, వినేవాళ్ళకు ఆసక్తి పోతుంది. నాకు బాధగా ఉండేది అందుకే.

2018 డిసెంబర్ 26 తెల్లవారుజామున సిసిలీలో, ఎట్నా అగ్నిపర్వతం తూర్పు వాలు మీద 4.9 తీవ్రతతో భూకంపం వచ్చింది. అంతకు రెండు రోజుల ముందే పర్వతం బద్దలైంది. అదే 4.9 పదిహేను కిలోమీటర్ల లోతున వస్తే జనం ఉలిక్కిపడి లేచి, కాసేపు టెన్షన్ పడి, మళ్ళీ పడుకునేవాళ్ళేమో. ఇక్కడ ఫ్లేరి అనే ఊళ్ళో ఇళ్ళు దెబ్బతిన్నాయి, ఫియాండాకా ఫాల్ట్ (నేల రెండు వైపులా జారే పగులు) వెంబడి రోడ్లు చీలాయి. లోతు కిలోమీటరు కూడా లేదు మరి! 2017 ఆగస్టులో ఇటలీలోనే ఇస్కియా అనే అగ్నిపర్వత దీవిలో వచ్చింది ఇంకా చిన్నది, 4 దగ్గరే ఆగింది. ఇద్దరు చనిపోయారు.

సిమ్యులేషన్‌లో బాగా వాడే ఒక పద్ధతి కంప్యూటర్ పుట్టించే నాయిస్‌తో, అంటే ఒక క్రమం లేని గజిబిజి కంపనంతో మొదలవుతుంది. భూకంపం ఎంతది, తరంగం దారిలో ఎంత బలం పోగొట్టుకుంది, కంపనాలను రికార్డు చేసే స్టేషన్ కింద నేల ఎలాంటిది అనేవి చూసుకుని ఆ నాయిస్‌లో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉండాలో మలుస్తాం. మామూలు ప్రాంతాల అంకెలే ఎట్నాకీ పెడితే దూరపు ఊళ్ళలో ఊపు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. లావా పొర, బూడిద పొర, మళ్ళీ లావా, మధ్యలో పగుళ్ళు. ఆ నేలలో చురుకైన కంపనాలు చెదిరి, కొన్ని కిలోమీటర్లలోనే చచ్చిపోతాయి. మిగిలేవి నిదానంగా, చాలాసేపు సాగే ఉపరితల తరంగాలు. రికార్డు చూస్తే పదునైన మొదటి కుదుపు తర్వాత వెడల్పాటి అలలు వరసగా వస్తూనే ఉంటాయి. నాకు ఆ భాగమే చాలా ఇష్టం.

ఫాల్ట్‌ను ఒక చుక్కగా లెక్కగట్టే సులువు దారి కూడా ఇక్కడ పనికిరాదు. చీలిక కిలోమీటర్ల పొడవున ఉంది, ఇల్లేమో దాని అంచునే ఉంది. అందుకే ఫాల్ట్‌ను చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కొక్కటి ఎప్పుడు జారిందో చూస్తూ తరంగాలను కలుపుతాను.

నేపుల్స్ పక్కన కాంపీ ఫ్లెగ్రే అనే అగ్నిపర్వత ప్రాంతంలో 2025 మార్చి 13న 4.6 వచ్చింది. అదీ పైపైనే, జనం కిక్కిరిసి ఉండే చోట. అలాంటి ఊళ్ళకు జిల్లా మొత్తానికి ఒకే రంగు పూసిన భూకంప ప్రమాద మ్యాపు చాలదు, వీధి వీధికీ లెక్క కావాలి.