నెట్ సిలబస్‌లో గ్రీకు నాటకాలు: నా అనుభవం

యూజీసీ నెట్ (కాలేజీ లెక్చరర్ల అర్హత పరీక్ష) ఇంగ్లిష్‌కి ప్రిపేర్ అవుతున్నప్పుడు నన్ను బాగా టెన్షన్ పెట్టింది గ్రీకు నాటకాలే. అగమెమ్నాన్, క్లైటెమ్నెస్ట్రా, ఒరెస్టెస్, ఎలెక్ట్రా... ఎవరు ఎవరికి ఏమవుతారో రాత్రి బట్టీపడితే పొద్దున్నకి కలగాపులగం. గైడ్లు పక్కన పెట్టి, ఈస్కిలస్ రాసిన ఒరెస్టియా మూడు నాటకాలూ ఇంగ్లిష్ అనువాదంలో వరసగా చదవడం మొదలుపెట్టాను. ట్రాయ్ యుద్ధం గెలిచి ఇంటికొచ్చిన రాజు అగమెమ్నాన్‌ను భార్య క్లైటెమ్నెస్ట్రా చంపడం, కొడుకు ఒరెస్టెస్, కూతురు ఎలెక్ట్రా దానికి పగ తీర్చుకోవడం, ఇదీ కథ.

మొదటి నాటకం సగం దాకా నడక కష్టమే. కోరస్ (బృందంగా పాడేవాళ్లు) పాటలు పేజీలకు పేజీలు సాగుతాయి, దాటేయాలనిపిస్తుంది. దాటేయకండి. ట్రాయ్‌కి ఓడలు కదలాలని అగమెమ్నాన్ కన్నకూతురు ఇఫిజెనియాను బలిచ్చిన సంగతి అక్కడే ఉంది. అది తెలియకుండా తల్లి క్లైటెమ్నెస్ట్రా కోపం అర్థం కాదు.

నాకు దారి దొరికింది మాత్రం ఆ నాటకాలు ఆడిన పద్ధతి తెలుసుకున్నాకే. ఏథెన్స్‌లో డయొనైసస్ దేవుడి ఉత్సవాల్లో, అక్రోపొలిస్ కొండ దక్షిణపు వాలులో, పట్టపగలు ఆడేవారు. నటులంతా మగవాళ్లే, ముఖాలకు మాస్కులు. ఈస్కిలస్ పాత నాటకాల్లో మాట్లాడే నటులు ఇద్దరే. మూడో నటుణ్ని తెచ్చింది మరో నాటకకర్త సోఫొక్లీస్ అని అరిస్టాటిల్ రాశాడు. క్రీ.పూ. 458లో ఒరెస్టియా ఆడేనాటికి ఆ పద్ధతి ఇంకా కొత్తే.

ఇది తెలిశాక కసాండ్రా సీను మళ్లీ చదివాను. అగమెమ్నాన్ ఎర్రని వస్త్రాల మీద నడుచుకుంటూ లోపలికి వెళ్తాడు. ట్రాయ్ నుంచి బందీగా వచ్చిన రాకుమారి కసాండ్రా రథం మీదే ఉండిపోతుంది. రాణి క్లైటెమ్నెస్ట్రా ఎంత పిలిచినా ఉలకదు, పలకదు. మాట్లాడేది ఇద్దరే అన్న అలవాటు కొద్దీ చూసేవాళ్లు అది మాటల్లేని వేషమే అనుకుని ఉంటారు. రాణి విసుక్కుని వెళ్లిపోగానే కసాండ్రా అపోలో దేవుడి పేరెత్తి కేక పెడుతుంది! జరగబోయే హత్యలు, తన చావుతో సహా, చెప్పేస్తుంది. అపోలో శాపం వల్ల ఆమె మాట ఎవరూ నమ్మరు. చదువుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. నిజానికి అక్కడి జనానికి కథ ముందే తెలుసు. మన ఊళ్లలో రాయబారం చూడ్డానికి కథ తెలియక ఎవరు వెళ్తారు? అక్కడా అంతే.

ఆ తర్వాత సిలబస్‌లో చాలా ముడులు వాటంతటవే విడిపోయాయి. యేట్స్ కవిత ‘లీడా అండ్ ద స్వాన్’లో అగమెమ్నాన్ చావు ఒక్క ముక్కలో వచ్చి పోతుంది. ఆ ముక్క దగ్గర ఇప్పుడు నాకు రాణి అతన్ని చంపిన వేళ ఆ స్నానం, వలలా చుట్టుకున్న ఆ వస్త్రం కళ్లకు కడతాయి. అమెరికన్ నాటకకర్త యూజీన్ ఓనీల్ 1931 నాటి తన నాటకంలో ఇదే కథను అమెరికా అంతర్యుద్ధం ముగిసిన రోజుల్లో, న్యూ ఇంగ్లండ్‌లోని ఒక ఇంట్లో నడిపాడు. దాన్ని రెండు విడతల్లో పూర్తి చేశాను.

పరీక్ష గట్టెక్కింది. చదవడం ఆపలేదు. మీరూ మొదలుపెడితే, ఒరెస్టియా రెండో నాటకం అవగానే మరో గ్రీకు నాటకకర్త యురిపిడీస్ రాసిన ‘ఎలెక్ట్రా’ అందుకోండి. ఈస్కిలస్ ఎలెక్ట్రా సమాధి దగ్గర దొరికిన జుట్టుపాయ, అడుగుజాడలు చూసి తమ్ముడు వచ్చాడని పోల్చుకుంటుంది. యురిపిడీస్ ఎలెక్ట్రా మాత్రం, ఆడపిల్ల పాదం, మగవాడి పాదం ఒక్కలా ఎలా ఉంటాయని, ఆ గుర్తులు చెప్పిన ముసలాయన్ని నిలదీస్తుంది.