అమ్మ రిపోర్టులో మందపాటి అక్షరాలు పడని వరుసలు

వింజమూరు దగ్గర మా ఊరికి వెళ్లినప్పుడు, చేటలో బియ్యం ఏరుతూ అమ్మ మధ్యమధ్య గుప్పెడు గింజలు నోట్లో వేసుకోవడం చూశాను. అడిగితే "రెండు గింజలే కదా, నోటికి బాగుంటాయి" అంది. ఆ రెండు గింజలు రోజుకు గ్లాసెడు బియ్యమయ్యాయని తర్వాత తెలిసింది. పచ్చి బియ్యం, మట్టి, సుద్ద వంటివి తినాలనిపించడం చాలాసార్లు ఒంట్లో ఇనుము తగ్గిందనడానికి గుర్తు అని నాకు అప్పటికి తెలియదు. తెలిసి ఉంటే మూడు నెలలు ముందే మేలుకునేవాళ్లం.

అమ్మకు 58 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడుతోంది. ఆయాసం వస్తోందని రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.8 ఉన్నట్టు, పరిధి దాటిన అంకె కనుక మందపాటి అక్షరాల్లో వచ్చింది. గర్భిణులు కాని స్త్రీలకు 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటారు. మందుల షాపులో ఇనుము మాత్రలు ఇచ్చారు. రెండు నెలలు మింగిన తర్వాత మళ్లీ చూపిస్తే 10.1. మాత్రలు సరిగా పనిచేస్తే ఒక నెలలోనే ఒక గ్రాము, అంతకు మించి కూడా పెరగవలసింది. అమ్మ ఆ మాత్రను పొద్దున టీతో వేసుకునేది. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఈలోపు కాళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. ఒకరోజు నడుస్తుండగా చెప్పు జారిపోయినా తెలియక నాలుగడుగులు అలాగే నడిచింది.

నెల్లూరు పొగతోటలో మేము కలిసిన ఫిజీషియన్ రిపోర్టు చేతికి తీసుకుని, హిమోగ్లోబిన్‌ను వదిలేసి, దాని కింద నేను ఎన్నడూ చదవని రెండు వరుసల కింద పెన్నుతో గీత గీశారు. ఒకటి ఎం.సి.వి., అంటే ఎర్ర రక్తకణం సగటు పరిమాణం. అది 86, 80కీ 100కీ మధ్య చక్కగా ఉంది. రెండోది ఆర్.డి.డబ్ల్యు., అంటే కణాల పరిమాణాల్లో ఉన్న తేడా, అది 19.4, సుమారు 14కు లోపల ఉండవలసింది. ఇనుము తగ్గితే కణాలు చిన్నవవుతాయి, విటమిన్ బి12 గానీ ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్) గానీ తగ్గితే పెద్దవవుతాయి, రెండూ కలిసి తగ్గితే చిన్నవీ పెద్దవీ కలిసి సగటు మామూలుగానే కనిపిస్తుంది. ఆ సగటు వెనుక రెండు లోపాలు దాగి ఉండవచ్చని ఆయన చెప్పినప్పుడు, ఇన్నాళ్లూ మందపాటి అక్షరాలు పడని వరుసలన్నీ బాగున్నట్టే అనుకున్న నా నమ్మకం పోయింది.

బి12 చూపిస్తే 148 పికోగ్రాములు; 200 కంటే తక్కువ ఉంటే లోపం కిందే లెక్క. మా ఇంట్లో ఆదివారం చేపల పులుసు తప్పదు, పెరుగు లేనిదే ముద్ద దిగదు, మరి బి12 ఎందుకు తగ్గిందని అడిగాను. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో తిన్న బి12 పేగుల నుంచి సరిగా ఒంటికి ఎక్కదట. తిండి ఎంత బాగున్నా ఒంటికి చేరినదెంతో వేరే లెక్క అని నాకు అక్కడే అర్థమైంది. ఇంకొక హెచ్చరిక కూడా ఆయన చేశారు. బి12 లోపం ఉన్నవారికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే హిమోగ్లోబిన్ పెరుగుతుంది కానీ నరాలు దెబ్బతినడం ఆగదు. బి12 మాత్రలు, ఇంజెక్షన్లు మొదలుపెట్టాక పరీక్ష చేయిస్తే అంకె పెరిగి కనబడుతుంది కాబట్టి, ముందే పరీక్షకు రక్తం ఇవ్వడం మేలు.

అసలు చిక్కు ఫెరిటిన్ దగ్గర వచ్చింది. ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఈ పరీక్షలో అమ్మకు 34 వచ్చింది. ల్యాబు వారి పరిధి 13 నుంచి 150 కనుక గుర్తు పెట్టలేదు. కానీ అదే సమయంలో ఆమె కాలికి పుండు చీముపట్టి ఉంది, ఒంట్లో వాపును, ఇన్ఫెక్షన్‌ను చూపే సి.ఆర్.పి. 18కి పెరిగి ఉంది. ఇన్ఫెక్షన్ గానీ వాపు గానీ ఉన్నప్పుడు ఫెరిటిన్ దానంతటదే పెరుగుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో 15 కంటే తక్కువ ఉంటే లోపం అనుకుంటే, ఇన్ఫెక్షన్ ఉన్నవారిలో 70 కంటే తక్కువ ఉన్నా అనుమానించాలి. ట్రాన్స్‌ఫెరిన్ సంతృప్తత, అంటే రక్తంలో ఇనుమును మోసే ప్రోటీన్ ఎంతవరకు నిండిందన్నది, సాధారణంగా 20 శాతం పైన ఉండవలసినది, 9 మాత్రమే ఉండటంతో సందేహం తీరింది. రక్తంలోని ప్రోటీన్ అయిన ఆల్బుమిన్ 3.3 మాత్రమే ఉందని చూసి గుడ్లు, పప్పు పెంచమని బంధువులు చెప్పారు. పెడితే తప్పు లేదు గానీ, ఆల్బుమిన్ కూడా ఇన్ఫెక్షన్‌లో పడిపోయేదే. దాన్ని బట్టి తిండి చాలడం లేదని తేల్చకూడదు.

నెలసరి ఆగిపోయిన వయసులో ఇనుము ఎందుకు తగ్గిందన్నది ఆయన వదిలిపెట్టని ప్రశ్న. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో కొనుక్కుంటున్న మాత్రల సంగతి అప్పుడు బయటపడింది. ఎండోస్కోపీ చేస్తే కడుపులో చిన్న పుండు, కొద్దికొద్దిగా రక్తస్రావం. ఈ ప్రశ్న అడగకుండా మాత్రలు మింగించి ఉంటే ఒకవైపు పోస్తూ ఇంకోవైపు కారిపోతూ ఉండేది.

మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 8.1 ఉన్నా ఆయన మధుమేహం మందు పెంచలేదు. ఇంట్లో మీటరు మీద పరగడుపు చక్కెర 130 దాటడం లేదు. ఇనుము లోపంలో కొత్త కణాలు తక్కువగా పుడతాయి, ఉన్న కణాలు పాతబడి వాటికి చక్కెర ఎక్కువగా అంటుకుంటుంది, అందువల్ల అంకె ఉన్నదానికంటే పెద్దగా కనిపించవచ్చు. మందు పెంచి ఉంటే అమ్మకు చక్కెర పడిపోయే ప్రమాదం ఉండేదేమో అని ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఇప్పుడు అమ్మ ఇనుము మాత్రను పొదలకూరు నిమ్మకాయ పిండిన నీళ్లతో వేసుకుంటోంది, టీకి రెండు గంటలు ఎడం పెడుతోంది. నొప్పి మాత్రలు మానేసింది, బి12 ఇంజెక్షన్లు నెలకొకటికి వచ్చాయి. మొన్నటి రిపోర్టులో హిమోగ్లోబిన్ 12.2, ఫెరిటిన్ 41, హెచ్‌బీఏ1సీ 7.3. మధుమేహం మందు మారలేదు. కాలి పుండు మానింది, కానీ ఆర్.డి.డబ్ల్యు. ఇంకా 15.6 ఉంది, తిమ్మిరి సగమే తగ్గింది. నిల్వలు నిండేదాకా మాత్రలు ఇంకో మూడు నెలలు ఆపవద్దన్నారు. చేటలో బియ్యం మాత్రం ఇప్పుడు అన్నీ ఎసట్లోకే పోతున్నాయి.