కట్ట మీద కూసున్న పిల్లలు

మొన్న రాత్రి మా ఊరి చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే నేలలో, మళ్లీ టిప్పర్లు. మొరం కోసం. నేను పోయేసరికి మా తమ్ముని బిడ్డ, ఇంకో ఆరుగురు డిగ్రీ పిల్లలు కట్ట మీద అడ్డంగా కూసున్నరు. హారన్ ఎంత కొట్టినా ఒక్కరూ లేవలే.

“భయం కాలేదా బిడ్డా?” అంటే, “హైదరాబాదుల కంచ గచ్చిబౌలిల 400 ఎకరాల కోసం యూనివర్సిటీ పిల్లలు నిలబడ్డరు. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు కొట్టుడు ఆపించింది. మనకు చెరువు కాదా, పెద్దబాపూ?” అన్నది.

కాకతీయ రాజు గణపతిదేవుని కాలంలో పాకాల చెరువు కట్టిన నేల మాది. తూము కంటే లోతుగా తవ్వితే నీళ్లు గుంతలోనే ఆగుతయి, పొలానికెక్కవు. ఇది మా పెద్దలకు తెలుసు, అయినా మేం నోరు మూసుకున్నం. నాకదే బాధ.

రాత్రి రెండు గంటలకు టిప్పర్లు మళ్లినయి. తెల్లారి చూస్తే గుంత నా నిలువు దాటింది. గొర్రెలు పడకుండ పిల్లలు చుట్టూ తుమ్మకంప వేస్తున్నరు.