అన్నీ మంగళవారాలే: నా జాజ్ ఫొటోలకు తేదీలు వెతికిన అనుభవం

ఉద్యోగం కోసం నేను 1999లో షికాగో చేరాను. నన్ను జాజ్ వైపు నడిపించింది మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్. ఆయన రిమెంబర్ శక్తి బృందంలో గిటారు విద్వాంసుడు జాన్ మెక్లాఫ్లిన్ పక్కన వాయించడం విని, ఆ గిటారు ఏ సంగీతం నుంచి వచ్చిందో తెలుసుకోవాలనుకున్నాను. 2001 నాటికి వారానికి ఒకటి రెండు కచేరీలకు కెమెరాతో వెళ్లడం అలవాటైంది. 2006 చివర డిజిటల్ కెమెరా కొనేదాకా తీసినవన్నీ నలుపు తెలుపు ఫిల్మ్ మీదే. 118 రోళ్ల నెగటివ్‌లు, చీకట్లో తెలుగులో రాసుకున్న 17 జేబు పుస్తకాలు అలా పోగయ్యాయి.

వాటిని ఒక వరుసలో పెట్టాలన్న ఆలోచన 2012 ఆగస్టులో, శాక్సఫోన్ విద్వాంసుడు వాన్ ఫ్రీమన్ కన్నుమూసిన వారంలో వచ్చింది. నగరానికి దక్షిణాన 75వ వీధిలోని న్యూ అపార్ట్‌మెంట్ లౌంజ్‌లో ఆయన ఏళ్ల తరబడి ప్రతి మంగళవారం వాయించేవారు. తన వాయిద్యం ముగిశాక కుర్రవాళ్లను వేదిక మీదికి పిలిచి వాయింపజేసేవారు. ఆ రాత్రుల ఫొటోలు బయటికి తీసి చూస్తే, ఏది ఏ సంవత్సరానిదో నాకే తెలియలేదు. అన్నీ మంగళవారాలే, అన్నిటిలోనూ అదే గోడ, అదే దీపం. ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒక్క తేదీ కూడా లేకపోవడం నన్ను చాలా బాధపెట్టింది.

మొదట నెగటివ్‌లను కాంతిపెట్టె మీద పరిచి భూతద్దంతో చూశాను. తేదీ పట్టుకోవడానికి ఫొటో కంటే ఫిల్మ్ అంచే ఎక్కువ పనికొచ్చింది. నేను వాడింది కొడాక్ ట్రై-ఎక్స్. పాత ఫిల్మ్ అంచున 5063 అన్న అంకె ఉంటుంది, 2003 ప్రాంతంలో కొడాక్ దాన్ని మార్చాక 400టీఎక్స్ అని ఉంటుంది. ఈ ఒక్క తేడాతో నెగటివ్‌లు రెండు కుప్పలుగా విడిపోయాయి. ఆ తర్వాత ఒకే రోలులో ఏ ఫ్రేము తర్వాత ఏది వచ్చిందో చూస్తూ, పుస్తకంలో రాసుకున్న సోలోల, అంటే ఒక్కొక్కరు విడిగా వాయించిన వంతుల, వరుసతో సరిపోల్చాను. ముందు టెనర్ శాక్సఫోన్, తర్వాత పియానో, ఆపై బేస్ అని రాసి ఉన్న పుట దొరికితే, ఫిల్మ్‌లోనూ ముఖాలు అదే వరుసలో వస్తున్నాయా అని చూసేవాణ్ణి. కొన్ని రోళ్లను కడిగిన ల్యాబు ఫ్రేము మధ్యలోంచే కత్తిరించింది. ఆ ముక్కలను అంచు అంకెల ప్రకారం మళ్లీ జతచేయడానికే మూడు ఆదివారాలు పోయాయి.

ఆ ఫొటోలు ఎలా తీశానో ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు వాటిని చదవడానికి ఆ పద్ధతే నాకు ఆధారమైంది. ఫ్లాష్ ఎన్నడూ వాడలేదు. కాంతిని పట్టే వేగం 400 ఉన్న ఫిల్మ్‌ను, తక్కువ వెలుతురులో తీయడానికి 1600గా లెక్కగట్టి, కడిగేటప్పుడు డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచమని అడిగేవాణ్ణి. 50 మిల్లీమీటర్ల లెన్స్‌ను పూర్తిగా తెరిచినా షట్టరు సెకనులో 60వ వంతు కంటే వేగంగా పెట్టే వీలుండేది కాదు, కాబట్టి డ్రమ్మర్ చేతులు ఎప్పుడూ చెదిరే కనిపిస్తాయి. బేస్ సోలోలోనూ నెమ్మదైన పాటలోనూ షట్టరు చప్పుడు చేయకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. మరి ఎప్పుడు నొక్కాలి? మన కచేరీలో తాళం వేస్తూ కూర్చున్న శ్రోతకు తనియావర్తనం తీర్మానానికి వస్తోందని ముందే అందుతుంది. అలాగే 32 బార్ల (మన ఆవర్తాల లాంటి తాళపు కొలతల) పాటను మనసులో లెక్కపెడుతూ వింటే సోలో ఎక్కడ ముగుస్తుందో ముందే తెలుస్తుంది. వాయించేవారు శాక్సఫోన్‌ను పెదవుల నుంచి తీసే ఆ క్షణంలో చప్పట్లు మొదలవుతాయి, వాటిలో షట్టరు శబ్దం కలిసిపోతుంది. అందుకే నా ఫొటోల్లో చాలామంది వాయిస్తున్నట్టు కాక, అప్పుడే వాయించి ముగించినట్టు ఉంటారు. ఆ ముఖాలంటే నాకు ఎక్కువ ఇష్టం.

శాక్సఫోన్ విద్వాంసుడు ఫ్రెడ్ ఆండర్సన్ విషయంలో ఈ లెక్క పనిచేయలేదు. ఇండియానా అవెన్యూలో ఆయనే నడిపిన వెల్వెట్ లౌంజ్‌లో ఆయన వాయించే సంగీతానికి బార్ల లెక్క లేదు. వాయిస్తూ వాయిస్తూ నడుము దగ్గర పూర్తిగా వంగిపోయేవారు, టెనర్ శాక్సఫోన్ మోకాళ్ల దాకా దిగేది. నా మొదటి నాలుగు రోళ్లలో ఆయన ముఖం ఒక్కసారీ కనిపించదు. పక్కన హామిడ్ డ్రేక్ డ్రమ్స్ వదిలి, మన కంజీరను బాగా పెద్దది చేసినట్టుండే ఫ్రేమ్ డ్రమ్ చేతిలోకి తీసుకున్నప్పుడు మాత్రం ఆండర్సన్ నిటారుగా నిలబడి, కళ్లు మూసుకుని వినేవారు. అది గమనించాకే ఆయన ముఖం నాకు దొరికింది. ఆ సంగతి ఒక జేబు పుస్తకంలో రెండు ముక్కల్లో రాసుకున్నాను, పదేళ్ల తర్వాత ఐదో రోలును గుర్తుపట్టింది ఆ రెండు ముక్కలతోనే.

స్కానింగ్ గురించి ఎక్కువ చెప్పను. అంగుళానికి 2400 చుక్కలతో స్కాన్ చేస్తే ఒక ఫ్రేముకు దాదాపు 3400 × 2270 పిక్సెళ్లు వచ్చాయి. నేను తీసిన తీరుకు ఫొటోలో గరుకు (ఫిల్మ్ రేణువుల చుక్కలు) ఎక్కువ కాబట్టి అంతకు మించి పోయినా గరుకే పెద్దదైంది. ధూళి మచ్చలను తానే చెరిపేసే సదుపాయం స్కానరులో ఉంది కానీ అది ఈ ఫిల్మ్‌కు పనికిరాదు. ఆ పద్ధతి పరారుణ కాంతితో పనిచేస్తుంది, రంగు ఫిల్మ్‌లోని రంగుల గుండా ఆ కాంతి వెళ్లిపోతుంది గాని, నలుపు తెలుపు ఫిల్మ్‌లో బొమ్మను ఏర్పరిచే వెండిని దాటలేదు, అందుచేత స్కానరు బొమ్మనే ధూళి అనుకుంటుంది. మచ్చలన్నీ చేత్తోనే తీశాను, రోలుకు గంటన్నర పట్టింది.

అన్నిటికంటే కష్టమైనది పేర్ల పని. సెట్ చివర నాయకుడు మైకులో బృందాన్ని పరిచయం చేస్తుంటే, వినిపించినట్టు తెలుగులో రాసుకున్నాను. ఒక బేస్ విద్వాంసుడి పేరు చప్పట్లలో సగమే వినబడింది. మిగతా సగం నేను ఊహించి, ఆయన ఫొటోలన్నిటికీ ఆ పేరే పెట్టాను. అచ్చు తీసిన కొన్ని ఫొటోలను ఒక కచేరీకి తీసుకెళ్తే, ఎన్నో ఏళ్లుగా అక్కడికి వచ్చే ఒక పెద్దాయన చూసి, ఇతను అతను కాడు, ఆ పేరు గలవాడు ఎడమచేత్తో వాయిస్తాడు అన్నారు. పదకొండు ఫొటోల కింద ఒక మనిషి పేరు తీసి ఇంకొకరికి అంటగట్టానని తెలిసి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరునాటి నుంచి ప్రతి ఫొటో కింద రెండు వరుసలు పెట్టాను. ఒకదానిలో పుస్తకంలోనో టికెట్టు మీదో రాసి ఉన్నది, రెండోదానిలో నేను పోల్చుకుని తేల్చినది. ఆ రెండూ కలవకుండా చూసుకున్నాను.

బయటి కచేరీలు సులువుగా తేలాయి. షికాగో జాజ్ ఫెస్టివల్ సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే సెలవుల్లో జరుగుతుంది, అప్పట్లో గ్రాంట్ పార్కులోని పెట్రిల్లో వేదిక మీద జరిగేది. సంవత్సరం ఒక్కటి తెలిస్తే చాలు, మిగతాది క్యాలెండరు చెబుతుంది. 2013లో ఫెస్టివల్ మిలీనియం పార్కుకు మారింది. నా ఫిల్మ్ రోజులు అప్పటికే ముగిశాయి కనుక ఆ మార్పు నన్ను ఇబ్బంది పెట్టలేదు.

2014 మార్చికి 109 రోళ్లకు తేదీలు తేలాయి. మిగిలిన తొమ్మిదిలో ఆరు వాన్ ఫ్రీమన్‌వే. వాటిలో ఒక ఫ్రేములో ఆయన తల పక్కకు వాల్చి, పక్కన వాయిస్తున్న పద్దెనిమిదేళ్ల కుర్రవాడి వేళ్లను చూస్తున్నారు. ఆ కుర్రవాడి పేరు నా పుస్తకాల్లో లేదు. మొదటి వరుసలో “మంగళవారం, న్యూ అపార్ట్‌మెంట్ లౌంజ్, వాన్ ఫ్రీమన్” అని రాసి, రెండో వరుస ఖాళీగా ఉంచాను.