రెండో చరణం దగ్గర ఆగిపోయే గిటార్

మా అమ్మాయి విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుంటోంది. 1919లో మొదలైన ఆ కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ పాఠం చెప్పింది కూడా అక్కడే. అలాంటి చోట నేర్చుకుంటున్న పిల్ల కాబట్టి శ్రుతి కొంచెం అటూ ఇటూ అయినా తన చెవి ఒప్పుకోదు. ఈసారి నాకు వచ్చిన ఇబ్బందిలో సగాన్ని పట్టుకున్నది కూడా తనే.

సిరిమాను సంబరానికి చుట్టాలు వచ్చేలోగా ఇద్దరం కలిసి ఒక పాట రికార్డు చేయాలనుకున్నాం. వయొలిన్ తనది, గిటార్ నాది. నా గిటార్ ప్రాసెసర్‌ను, అంటే గిటార్ శబ్దానికి రకరకాల టోన్లు, ఎఫెక్టులు ఇచ్చే పెట్టెను, యూఎస్‌బీ కేబుల్‌తో లాప్‌టాప్‌కి కలిపితే అదే సౌండ్‌కార్డుగా పనిచేస్తుంది. పల్లవి బాగా వచ్చేది, మొదటి చరణమూ వచ్చేది. మధ్యమధ్యలో సన్నగా చిటపటలు వినిపించేవి. రెండో చరణం ఎత్తుకునేసరికి మాత్రం టప్పుమని శబ్దం పోయేది. ఒక్కోసారి రెండు సెకన్లలో తిరిగొచ్చేది. ఒక్కోసారి లాప్‌టాప్‌లో ప్రాసెసర్ పేరే కనిపించేది కాదు. మరుసటి రోజు అదే పాట మొదలు నుంచి చివరిదాకా శుభ్రంగా వచ్చేది. ఎప్పుడూ ఉండే లోపాన్ని వెతకొచ్చు. ఇలా వచ్చిపోయే దాన్ని ఎక్కడని వెతకాలి?

మొదటి వారం టెన్షన్‌లో అన్నీ ఒకేసారి మార్చేశాను. గిటార్ జాక్ కేబుల్ కొత్తది కొన్నాను, లాప్‌టాప్‌లో దాని డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాను, యూఎస్‌బీ పోర్టు మార్చాను. ఒక రోజంతా బాగుంది. ఏది మార్చితే బాగైందో తెలియలేదు. మూడో రోజుకి మళ్లీ మొదటికొచ్చింది.

శ్రీకాకుళంలో ఉండే మా బావమరిది ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాడు. ఫోన్‌లో అంతా విని ఒకటే అడిగాడు: "బావా, హెడ్‌ఫోన్ నేరుగా ప్రాసెసర్‌కే పెట్టి విన్నావా?" వినలేదు. ఆ రాత్రి అరగంట సేపు అలా పెట్టుకునే వాయించాను. లాప్‌టాప్‌లో శబ్దం పోయిన క్షణంలో కూడా హెడ్‌ఫోన్‌లో గిటార్ నిక్షేపంగా వినిపిస్తోంది. అంటే గిటార్, జాక్ కేబుల్, ప్రాసెసర్‌లోని ఎఫెక్టులు, దాని అడాప్టర్ అన్నీ మంచివే. తప్పు యూఎస్‌బీ సాకెట్ నుంచి లాప్‌టాప్ లోపలి దాకా ఎక్కడో ఉంది. ఆ ఒక్క పరీక్షతో వెతకాల్సింది సగానికి తగ్గిపోయింది. ఇది ముందే చేసి ఉంటే కొత్త కేబుల్ కొనేవాణ్ని కాదు.

అప్పటి నుంచి ఒక నోటు పుస్తకం పెట్టాను. ఒకసారికి ఒకటే మార్చడం, అరగంట వాయించడం, ఏమైందో రాసుకోవడం.

ఆ వారంలోనే అమ్మాయి తన వయొలిన్‌ను ఫోన్‌లో రికార్డు చేసి ఇచ్చింది. దాన్ని లాప్‌టాప్‌లో మా పాట రికార్డింగ్ ప్రాజెక్టులో పెట్టగానే, "నాన్నా, ఇది నా శ్రుతి కాదు. కిందికి దిగిపోయింది, పాట కూడా నెమ్మదించింది" అంది. చూస్తే తన ఫైలు 48 కిలోహెర్ట్జ్‌లో ఉంది, నా ప్రాజెక్టు 44.1లో. సెకనుకు 48,000 శాంపిళ్లుగా తీసిన దాన్ని 44,100 చొప్పున వినిపిస్తే శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం తగ్గుతుంది. అప్పుడు లాప్‌టాప్ సౌండ్ సెట్టింగ్స్ కూడా తెరిచి చూశాను. అక్కడా 48 అనే ఉంది. నా ప్రాసెసర్ 44.1 మీదే నడుస్తుంది, మార్చే వీలు లేదు. అన్నిటినీ 44.1కి తెచ్చి, తన ఫైలును కూడా మార్చి పెట్టాను. చిటపటలు చాలావరకు పోయాయి. బఫర్‌ను, అంటే లాప్‌టాప్ ఒక్కో విడతకి పోగుచేసుకునే శబ్దపు ముక్కను, 64 నుంచి 256 శాంపిళ్లకు పెంచాక మిగిలినవీ పోయాయి. 256 అంటే ఆరు మిల్లీసెకన్ల లోపే, వాయించే చేతికి ఆలస్యం తెలియదు.

కానీ రెండో చరణం దగ్గర పోయేది మాత్రం పోతూనే ఉంది. వైఫై ఆపాను, యూఎస్‌బీకి కరెంటు తగ్గించే పవర్ సెట్టింగ్ ఆపాను, కేబుల్ మార్చాను. పుస్తకంలో అన్నిటి ఎదురుగా 'తేడా లేదు' అనే రాశాను. ఒక సాయంత్రం ఆ పేజీలు తిరగేస్తుంటే ఒక సంగతి కనబడింది. శబ్దం పోని రోజులన్నీ నేను ప్రాసెసర్‌ను బల్ల మీద పెట్టుకుని, చేత్తో మీట నొక్కిన రోజులు. పోయిన రోజుల్లో అది నేల మీద ఉంది. రెండో చరణంలో నేను టోన్ మారుస్తాను, కాలితో పెడల్ తొక్కుతాను! వెంటనే లేచి యూఎస్‌బీ సాకెట్ పక్కన వేలితో మెల్లగా తట్టాను. ప్రాసెసర్ పేరు మాయమైంది. మళ్లీ తట్టాను, వచ్చింది. ఆ రాత్రి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

మర్నాడు గంటస్తంభం దగ్గర టీవీలు, ఆంప్లిఫైయర్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. మూత విప్పి భూతద్దంతో చూశాడు. "ఏటి బాబూ, దీన్ని కాలితో తొక్కుతారేటి? సాకెట్ కాళ్లకి సోల్డరింగ్ వదిలేసింది, చూడండి" అని నాకూ చూపించాడు. బోర్డు మీద ఒక కాలి చుట్టూ వెంట్రుకంత నల్లటి గీత ఉంది. పావుగంటలో మళ్లీ సోల్డర్ చేసి ఇచ్చాడు. కేబుల్ బరువు సాకెట్ మీద పడకుండా చూసుకోమన్నాడు. ఇంటికొచ్చి కేబుల్‌ను కొంచెం వదులుగా ఉంచి ప్రాసెసర్ హ్యాండిల్‌కి ట్యాగుతో కట్టేశాను.

సిరిమానుకి రెండు రోజుల ముందు మళ్లీ కూర్చున్నాం. పల్లవి, మొదటి చరణం అయ్యాయి. రెండో చరణానికి అమ్మాయి కమాను ఎత్తి నా కాలివైపు చూసింది. పెడల్ తొక్కాను. టోన్ మారింది, స్క్రీన్ మీద గీత కదులుతూనే ఉంది, తను కమాను తీగల మీదికి దించింది.