సెయింట్ లూసియా: ఇసుకదిబ్బల చాటున ఒక ఉప్పుటేరు

దక్షిణాఫ్రికాలో సఫారీ అనగానే మనవాళ్ళలో ఎక్కువమంది క్రూగర్ పార్కు వైపే చూస్తారు. సింహం, ఏనుగు, చిరుత, ఖడ్గమృగం, అడవిదున్న కనిపిస్తే యాత్ర సఫలమైనట్టు, వాటిలో ఒక్కటి తప్పిపోయినా డబ్బు దండగైనట్టు భావిస్తారు. మేము ఆ లెక్కను పక్కనపెట్టి, డర్బన్ నుంచి ఉత్తరంగా మొజాంబిక్ సరిహద్దు వైపు సాగే క్వాజులు-నటాల్ రాష్ట్ర తీరాన్ని, అక్కడి సెయింట్ లూసియా సరస్సును ఎంచుకున్నాము. అక్కడ జంతువులను చూడటం కంటే, అవి ఏ నీటి మీద, ఏ ఇసుక మీద ఆధారపడి బతుకుతున్నాయో చూడటమే నాకు ఎక్కువ తృప్తినిచ్చింది.

దుబాయ్ మీదుగా డర్బన్ చేరి, కారు అద్దెకు తీసుకుని ఎన్2 రహదారి ఎక్కాము. మనలాగే ఎడమవైపు నడపాలి కాబట్టి ఇబ్బంది లేదు. ఊరు దాటిన తర్వాత చాలా దూరం రెండు వైపులా చెరకు తోటలే కనిపిస్తాయి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ డర్బన్ రేవుకు చేరింది మొదలు 1911 దాకా సుమారు 1,52,000 మంది భారతీయులు, ప్రధానంగా ఈ చెరకు తోటల కోసమే, ఒప్పంద కూలీలుగా నటాల్‌కు వచ్చారు. వారిలో తెలుగువారూ చాలామందే ఉన్నారు. 1931లో వారి వారసులు అక్కడ ఆంధ్ర మహాసభను స్థాపించుకున్నారు. డర్బన్‌లో దుకాణాల బోర్డుల మీద నాయుడు, రెడ్డి అనే పేర్లు చదివి ముచ్చటపడిన మాకు, ఆ తోటల మధ్య నుంచి వెళ్తున్నంతసేపూ మాటలు పెద్దగా సాగలేదు.

ఆ చెరకుకూ మేము చూడబోయే సరస్సుకూ దగ్గరి సంబంధమే ఉంది. సెయింట్ లూసియా సరస్సు నిజానికి ఒక పెద్ద ఉప్పుటేరు. మన పులికాట్‌కు శ్రీహరికోట అడ్డుగా ఉన్నట్టే దీనికీ సముద్రానికీ మధ్య ఇసుక నేల అడ్డుగా ఉంటుంది, కాకపోతే ఇక్కడి దిబ్బలు అడవి కప్పుకుని కొన్నిచోట్ల వంద మీటర్లకు పైగా లేచాయి. సరస్సు సగటు లోతు ఒక మీటరు మాత్రమే. ఉమ్ఫొలోజి నది మైదానంలో చెరకు సాగు కోసం చిత్తడి నేలను కాలువలుగా మార్చడంతో, అక్కడి జమ్ము గడ్డి వడకట్టవలసిన ఒండ్రు నేరుగా సరస్సు సముద్రంలో కలిసే మొగ దాకా వచ్చి చేరసాగింది. సరస్సు పూడిపోతుందన్న భయంతో 1950ల తొలినాళ్ళలో ఆ నదిని వేరుచేసి, విడిగా సముద్రంలోకి మళ్ళించారు. ఒండ్రు ఆగింది గాని, దానితోపాటు మంచినీరూ ఆగిపోయింది. 2002 తర్వాత వచ్చిన కరవులో మొగ మూసుకుపోయి, సరస్సులో చాలా భాగం ఎండిపోయింది. మిగిలిన నీరు సముద్రం కంటే ఉప్పగా మారింది. చివరకు 2012లో నదిని మళ్ళీ సరస్సుతో కలిపే పని మొదలుపెట్టారు. ఆ కరవుకాలంలో జీవాలను చాలావరకు కాపాడింది తూర్పు ఒడ్డున దిబ్బల అడుగు నుంచి ఊరే మంచినీటి చెమ్మ అని చదివాక, ఆ దిబ్బలను చూసే నా చూపే మారిపోయింది. అవే దిబ్బలను టైటానియం కోసం తవ్వాలన్న ప్రతిపాదనను ప్రభుత్వం 1996లో తిరస్కరించింది. 1999లో ఈ ప్రాంతం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఇప్పుడు దీని పేరు ఇసిమంగలిసో చిత్తడి నేలల పార్కు.

సరస్సు మీద పడవ ప్రయాణం సుమారు రెండు గంటలు ఉంటుంది. రెల్లు కొసలకు గిజిగాళ్ళ గూళ్ళు వేలాడే ఒక మలుపులో పడవ నడిపే ఆయన మోటారు ఆపేశారు. ముందు నల్లటి బండరాళ్ళ వరుస కనిపించింది; కాసేపటికి ఆ రాళ్ళకు చెవులు ఉన్నాయని తెలిసింది. నీటిగుర్రం మునిగేటప్పుడు ముక్కుపుటాలు బిగించి మూసుకుంటుంది. తేలగానే బుస్సుమని నీటితుంపర ఊది, రెండు చెవులనూ టపటపా విదిలిస్తుంది. కళ్ళ చుట్టూ చర్మం లేత గులాబీ రంగులో ఉంటుంది. ఒకదాని మెడ మీద ఎర్రటి చెమ్మ చూసి మా అబ్బాయి నెత్తురనుకున్నాడు గాని, అది ఎండ నుంచి కాపాడుకోవడానికి చర్మమే స్రవించే ద్రవం. ఇంత భారీ ప్రాణి సరిగా ఈదలేదు, నేల మీద కాళ్ళూనుకుని నడుస్తుంది. మీటరు లోతు నీళ్ళు దానికెందుకు అనువో అప్పుడు అర్థమైంది. ఈ సరస్సులో అవి సుమారు 800 ఉంటాయని అంచనా. నైలు మొసళ్ళు అంతకంటే ఎక్కువే.

చీకటిపడితే నీటిగుర్రాలు మేతకు సరస్సు పక్కనున్న ఊళ్ళోకే వస్తాయి. రాత్రి భోజనం చేసే హోటలు రెండు వీధుల అవతలే ఉన్నా కారులోనే వెళ్ళమని మా బస కాపలాదారు గట్టిగా చెప్పారు. తిరిగి వచ్చేటప్పుడు ఒక ఇంటి ముందు పచ్చికలో ఒకటి తల ఎత్తకుండా మేస్తోంది. కారు అద్దం కాస్త దించితే, వెడల్పాటి పెదవులతో గడ్డిని పరపరా పీకుతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది.

అక్కడి నుంచి హ్లుహ్లువే-ఇమ్ఫొలోజి పార్కు కారులో గంట ప్రయాణం. 1895లోనే రక్షిత ప్రాంతమైన ఈ అడవిలో మిగిలిన కొద్దిపాటి గుంపు నుంచే నేటి దక్షిణాది తెల్ల ఖడ్గమృగాలన్నీ పుట్టాయి. 1960లలో ఇక్కడి నుంచే వాటిని ఇతర అడవులకు తరలించారు. మేము చూసిన తల్లికి, దూడకు కొమ్ముల స్థానంలో రంపంతో కోసిన మొద్దులే ఉన్నాయి. 2023లో దేశంలో వేటగాళ్ళు చంపిన 499 ఖడ్గమృగాలలో 307 ఈ ఒక్క రాష్ట్రంలోనివే కావడంతో, మరుసటి ఏడాది ఇక్కడ కొమ్ములు కోసే కార్యక్రమం చేపట్టారు. ఫొటో అందంగా రాలేదని పక్క కారులోని యాత్రికుడు విసుక్కున్నాడు. నాకైతే ఆ మొద్దుల్లో వికారమేమీ కనిపించలేదు. ప్రాణం దక్కడానికి చెల్లించిన మూల్యంగానే తోచింది.

చివరిగా కేప్ విడాల్. దిబ్బల అడవిలోంచి సాగే దారిలో జీబ్రాలు, కూడూ అనే పెద్ద జింకలు అడ్డం వస్తాయి. దారి చివర హిందూ మహాసముద్రం. ఆహారం బయట పెట్టారో, కోతులు లాక్కుపోతాయి. జూన్ నుంచి నవంబరు దాకా ఒడ్డు నుంచే మూపురం తిమింగలాలు కనిపిస్తాయి. నవంబరు నుంచి అక్కడి వేసవి రాత్రులలో లెదర్‌బ్యాక్, లాగర్‌హెడ్ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి. వాటిని చూడాలంటే అనుమతి ఉన్న గైడుతోనే వెళ్ళాలి. చలికాలపు పొడి నెలల్లో గడ్డి తగ్గి జంతువులు తేలికగా కనబడతాయి కాబట్టి మేము జూలైలో వెళ్ళాము. పిల్లల సెలవులకు, విమాన ఛార్జీలకు పొత్తు కుదిరితే నేను మాత్రం నవంబరునే ఎంచుకోమంటాను: తిమింగలాలు ఇంకా పూర్తిగా వెళ్ళిపోవు, తాబేళ్ళు అప్పటికే రావడం మొదలవుతుంది.