లేపాక్షిలో బాబాయి చూపించినవి

హిందూపురం నుంచి లేపాక్షికి సుమారు 15 కిలోమీటర్లు. దారి పొడవునా గుండ్రాళ్ల గుట్టలే. మా బాబాయి చిత్రకారుడు. వీరభద్రస్వామి గుడి ఎప్పుడొస్తుందా అని నేను చూస్తుంటే, తను ఆ గుట్టల్నే కళ్లార్పకుండా చూస్తూ కూర్చున్నాడు.

ముందు నంది దగ్గర ఆగాం. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు, అంతా ఒకటే రాయి. అందరూ ఎదురుగా నిలబడి ఫోటోలు దిగుతున్నారు. బాబాయి నన్ను పక్కకు తీసుకెళ్లాడు. "ఆ మూపురం నుంచి తోక దాకా గీత చూడమ్మా. పొద్దున్నుంచీ మనం చూసిన గుట్టల గీతే అది" అన్నాడు. మెడలో గంటలు, పట్టీలు ఎంత సన్నగా చెక్కారో, వీపును అంత నున్నగా వదిలేశారు. ఆ వదిలేయడంలోనే శిల్పి గొప్పతనం ఉందని నాకు అక్కడే తెలిసింది.

గుడి కూర్మశైలమనే చిన్న గుట్ట మీద ఉంది. విజయనగర కాలంలో, 16వ శతాబ్దంలో కట్టారు. నాట్యమండపంలో, నేలకు పూర్తిగా ఆనని వేలాడే స్తంభం కింద గుడ్డ లాగేవాళ్ల రద్దీ దాటి తలెత్తాం. కప్పు మీద రంగుల బొమ్మలు: కావి ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ. చాలాచోట్ల రంగు రాలిపోయింది, చూస్తే బాధేసింది. అయినా పార్వతీ కల్యాణం బొమ్మల్లో ఆడవాళ్ల చీరలు చూడాలి! గళ్లు, చారలు, పూలు, ఎన్ని రకాలో. ఆ కాలపు నేతను ఇంత ప్రేమగా చూసిన చిత్రకారుడు దేవుళ్ల కంటే చీరలకే ఎక్కువ సమయం ఇచ్చాడేమో అనిపించింది. "మొహాల కంటే నల్లగీత చూడు, ఎక్కడా వణకలేదు" అన్నాడు బాబాయి.

వెనక ఏడు పడగల నాగలింగం. శిల్పుల తల్లి వంట చేసేలోపు వాళ్లు దీన్ని చెక్కేశారని కథ. పాము చుట్టలు నిగనిగలాడుతున్నాయి, వెనకవైపు బండ మాత్రం బండలాగే ఉంది. బాబాయి అక్కడ చాలాసేపు నిలబడ్డాడు. రాయి ఎక్కడ ఆగిందో, పాము ఎక్కడ మొదలైందో వేలితో గాల్లో గీసి చూపించాడు.

లతామండపం స్తంభాల మీది తీగలు, హంసలు ఇప్పటికీ చీర అంచుల మీద కనిపిస్తాయి. నోటు పుస్తకంలో కొన్ని గీసుకున్నాం.

చివరికి కల్యాణమండపం. కట్టడం పూర్తికాలేదు, పైకప్పు లేదు. ఎండ నేరుగా శిల్పాల మీద పడుతోంది. ఇలా ఉండటమే బాగుందన్నాడు బాబాయి. నేను ఒప్పుకోలేదు. కప్పు వేసి ఉంటే దాని మీదా బొమ్మలు ఉండేవి కదా.